సంఘం షాట్ నేర్పిన బొమ్మ

జహీరాబాద్ పల్లెల్లో అక్షరం రాని ఆడవాళ్ళు కెమెరా కోణాలకు తమ బతుకులోంచి పేర్లు తీసి పెట్టారు. బొమ్మలో పోలిక ఎలా పుడుతుందో తెలుసుకోగోరే చిత్రకారులకు అక్కడ గొప్ప పాఠం ఉంది.

సినిమా బడిలో మొదటి వారంలోనే మూడు మాటలు చెబుతారు. హై యాంగిల్, లో యాంగిల్, ఐ లెవెల్. కెమెరా పైనుంచి చూస్తే మనిషి చిన్నగా కనిపిస్తాడు. కిందనుంచి చూస్తే పెద్దగా కనిపిస్తాడు. కంటికి కన్ను సమంగా పెడితే ఉన్నట్టే ఉంటాడు. విద్యార్థులు నోటు పుస్తకంలో రాసుకుంటారు, పరీక్షలో అప్పజెబుతారు.

1990ల రెండో సగంలో జహీరాబాద్ పక్కనున్న పస్తాపూర్‌లో ఇదే పాఠం విన్నవాళ్ళకు రాసుకునే వీలు లేదు. చాలామందికి చదువు రాదు. దళిత కుటుంబాల ఆడవాళ్ళు. కూలికి పోయేవాళ్ళు, ఎకరమో రెండెకరాలో చెలక చేసుకునేవాళ్ళు. ఇంగ్లిష్ మాటలు వాళ్ళ నోట నిలవలేదు. తమకు తెలిసిన మాటలు పెట్టుకున్నారు. మంచం మీద కూర్చున్న పటేలు కిందికి చూస్తాడు, నేల మీద కూర్చున్న జీతగాడు పైకి చూస్తాడు. ఆ ఎత్తుపల్లాల చూపుల్లోంచి పటేల్ షాట్, బానిస షాట్ పుట్టాయి. ఊరి మహిళా సంఘం సమావేశమైనప్పుడు అందరూ నేల మీదే కూర్చుంటారు, అందరి కళ్ళూ ఒకే ఎత్తులో ఉంటాయి. అది సంఘం షాట్.

బొమ్మలు గీసేవాళ్ళూ, బొమ్మలతో పత్రికలు నడిపేవాళ్ళూ ఈ మూడు పేర్ల దగ్గర కాసేపు ఆగాలి. కెమెరా ఎత్తు అనేది ఉత్త కొలత. దానికి పటేల్ పేరు తగిలించగానే ఆ కొలతలోకి ఊరి చరిత్ర అంతా వచ్చి కూర్చుంది. గడీ, అరుగు, ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయే అలవాటు, తల వంచుకుని నిలబడిన తరాలు, అన్నీ. కంటికి కనిపించే ఒక వస్తువునో, ఆకారాన్నో, కోణాన్నో చూపించి కంటికి కనిపించని సంబంధాన్ని చెప్పగలగడాన్నే దృశ్య రూపకం అంటాం. పత్రికల్లో వేసే బొమ్మ, పుస్తకం అట్ట, కార్టూన్, గోడ మీది పోస్టర్ దాని మీదే నిలబడతాయి.

ఆర్ట్ కాలేజీలో ఏళ్ళ తరబడి చెప్పినా కొందరికి ఒంటబట్టని విద్య పస్తాపూర్ ఆడవాళ్ళకు అంత సహజంగా ఎలా అబ్బింది? వాళ్ళు పోలిక కోసం వెతుక్కోలేదు. రోజూ తాము ఏ ఎత్తున కూర్చుంటున్నారో, తమ మీద ఏ ఎత్తునుంచి చూపు పడుతోందో చెప్పారు, అంతే. బొమ్మలో పోలిక నేర్చుకోవడం అక్కడినుంచే మొదలు కావాలని నా గట్టి నమ్మకం.

మూడు పేర్ల వెనక ఊరు

జహీరాబాద్ సరిహద్దు ఊరు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా బీదర్ జిల్లాలో ఉండేది. తర్వాత మెదక్‌లో కలిసింది, 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలో ఉంది. తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ నాలుగూ ఇక్కడి బజారులో వినిపిస్తాయి. హైదరాబాద్ నుంచి పుణె వైపు వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి ఊరిని ఒరుసుకుంటూ పోతుంది. రహదారి దిగి లోపలికి వెళితే ఎర్రమట్టి చెలకలు, అక్కడక్కడా నల్లరేగడి. నీటి వసతి లేని భూముల్లో జొన్న, కంది, కొర్ర, సామ పండించుకునే పల్లెలు.

ఈ పల్లెల్లోనే 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పని మొదలైంది. దాన్ని నడిపించిన పి.వి. సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో కార్యక్రమాలు తీసినవారు. 1975-76లో ఉపగ్రహం ద్వారా 6 రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టీవీ చేర్చిన ‘సైట్’ ప్రయోగంలో పనిచేశారు. ఆ ప్రయోగం గొప్పదే. కానీ దాని దారి ఒకవైపే సాగింది. పట్నంలో తీసిన బొమ్మ పల్లెకు చేరేది. పల్లె చూసేది. పల్లె తీసిన బొమ్మను పట్నం చూసే ఏర్పాటు అందులో లేదు. పస్తాపూర్‌లో కెమెరాను కూలి చేసే ఆడవాళ్ళ చేతికి ఇవ్వడంతో ఆ దారి రెండోవైపునుంచి తెరుచుకుంది. 2001లో వాళ్ళు కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడ్డారు. 2008 అక్టోబర్ 15న మాచ్‌నూర్‌లో 90.4 మెగాహెర్ట్జ్ మీద సంఘం రేడియో మొదలైంది. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ దాన్ని నడిపించారు. 2019లో ఈ సంఘాల పనికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు.

సంస్థ చరిత్ర ఇక్కడికి చాలు. చిత్రకారుడికి పనికొచ్చే సంగతి మరొకటుంది.

పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె కొడుతున్న మనిషిని ఊహించుకోండి. పట్నం ఫొటోగ్రాఫరు వాకిట్లోకి వచ్చి నిలబడి ఫొటో తీస్తాడు. ఆమెను చిన్నబుచ్చాలని అతనికి ఏ కోశానా లేదు. ఆమె మీద గౌరవంతోనే వచ్చి ఉంటాడు. కానీ నిలబడి తీశాడు కాబట్టి ఆమె నడినెత్తి కనిపిస్తుంది, భుజాలు కుంచించుకుపోయినట్టుంటాయి, పైకి చూస్తే ఏదో అడుగుతున్నట్టు ఉంటుంది. ఇంత తేడాకూ కారణం అతను కూర్చోకపోవడమే. సంఘం షాట్ తీయాలంటే ముందు నేల మీద కూర్చోవాలి. బట్టలకు మట్టి అంటుకుంటుంది. పొయ్యి పొగ కళ్ళలోకి వస్తుంది. అప్పుడే ఆమె చేతిలో గుండ్రంగా తిరుగుతున్న రొట్టె ఆమె ముఖమంత పెద్దదని తెలుస్తుంది.

గీసే బొమ్మలోనూ ఇదే. కాగితం మీద మొదటి గీతగా క్షితిజరేఖ గీస్తాం. ఆ గీత చూసేవాడి కంటి ఎత్తు. దాన్ని ఎంత ఎత్తున పెట్టావో, బొమ్మలోని మనుషులతో నీ సంబంధం ఎలాంటిదో అక్కడే తేలిపోతుంది. ఆ తర్వాత ఎన్ని పావురాలు ఎగరేసినా, ఎన్ని సంకెళ్ళు తెంచినా ఆ మొదటి గీత చెప్పిన మాట చెరిగిపోదు.

గుర్తు ఎవరిది?

చదువురాని వాళ్ళకు గుర్తులు, పోలికలు అర్థం కావనే అభిప్రాయం ఒకటి చాలాకాలంగా ఉంది. దానికి ఆధారంగా చూపించే పరిశోధనలూ ఉన్నాయి. 1970లలో నేపాల్ పల్లెల్లో యునిసెఫ్ సాయంతో డయానా ఫసెల్, ఆనె హాలాండ్ బొమ్మలు చూపించి జనం ఏం చెబుతారో విన్నారు. చాలామంది బొమ్మలో ఉన్నదాన్ని ఉన్నట్టే చదివారు. గీసినవాళ్ళు మనసులో పెట్టుకున్న గుర్తులు, సంకేతాలు వాళ్ళకు చేరలేదు. ఆరోగ్య ప్రచారాలకు బొమ్మలు గీసేవాళ్ళు ఈ ఫలితాన్ని గుర్తుపెట్టుకోవాల్సిందే.

అయితే దాన్నుంచి పల్లెజనానికి పోలిక తెలియదని తేల్చడం తప్పు. ఉదాహరణకు టిక్కు, ఇంటూ తీసుకోండి. అవి బడిలో మాస్టారు ఎర్రసిరాతో వేస్తే అలవాటైన గుర్తులు. బడికి పోనివాళ్ళకు అవి రెండు గీతలు మాత్రమే. అదే మనిషిని మొహర్రం నాడు జహీరాబాద్ పల్లెలో పీర్ల ముందు నిలబెట్టండి. కర్ర చివర మెరిసే లోహపు పంజా ఎవరిదో, ఏం గుర్తుచేస్తుందో, ఎందుకు కన్నీళ్ళు పెట్టుకుంటారో ఆమె చెబుతుంది, ఆమె హిందువైనా సరే. బతుకమ్మకు ముఖం లేదు, చేతులు లేవు. తంగేడు, గునుగు వరుసలు పేరిస్తే గౌరమ్మ అయిపోతుంది. పూలగుట్టను తల్లిగా చూడగల కంటికి రూపకం నేర్పనక్కర్లేదు. పాత మెదక్ జిల్లాలోని సిద్దిపేటకు చెందిన కాపు రాజయ్య తన చిత్రాల్లో జీవితమంతా ఈ బోనాలనూ బతుకమ్మలనూ గీశారు. ఊళ్ళో అప్పటికే ఉన్న రూపకాన్ని ఆయన రంగుల్లోకి తెచ్చారు.

ప్రజాస్వామ్యమూ ఇదే నమ్మకం మీద మొదలైంది. 1951-52 మొదటి సాధారణ ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి దాని మీద గుర్తు అంటించారు. జోడెద్దుల పెట్టెలో వేయాలా, ఇంకో పెట్టెలో వేయాలా అన్నది అక్షరం రాని కోట్లమంది కంటితో చదివే నిర్ణయించుకున్నారు. తర్వాతి దశాబ్దాల్లో ఎన్నికల సంఘంలో ఎం.ఎస్. సేఠీ అనే చిత్రకారుడు 1992లో రిటైరయ్యేదాకా పెన్సిల్‌తో ఈ గుర్తులు గీస్తూ వచ్చారు. బకెట్టు, నిచ్చెన లాంటి రోజూ వాడే వస్తువులు అవి. మన దేశంలో ఎక్కువమంది చూసిన రేఖాచిత్రాల కర్త పేరు మన చిత్రకళా చరిత్రల్లో కనపడకపోవడం నాకు బాధగా ఉంటుంది.

కాబట్టి సమస్య చూసేవాళ్ళ చదువుది కాదు. గుర్తు ఎవరి ఇంట్లోంచి వచ్చిందన్నదే ప్రశ్న.

నెర్రెలు, కలుపు, డాలు

ఇప్పుడు మన పత్రికలకు వద్దాం. కరువు మీద వ్యాసం వస్తే వేసే బొమ్మ కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. నెర్రెలు విచ్చిన నేల. మధ్యలో తలపాగా చుట్టుకున్న రైతు. ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టుకుని ఆకాశం వైపు చూస్తుంటాడు. ఏటా అదే బొమ్మ. ఇప్పుడు కంప్యూటర్‌కు ‘కరువు’ అని చెప్పినా అదే గీసి ఇస్తోంది. అది నేర్చుకున్నది మనం గీసి పారేసిన వాటినుంచే కదా.

ఈ బొమ్మను జహీరాబాద్ చేనులో నిలబెట్టి చూద్దాం. నల్లరేగడి ప్రతి ఎండాకాలమూ నెర్రెలిస్తుంది. అది దాని గుణం. ఆ మట్టిలోని బంక తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుంటుంది. నెర్రెల్లోకి పైమట్టి రాలి లోపలికి చేరుతుంది. తొలకరి నీళ్ళు ఆ నెర్రెల దారినే లోతుకు దిగుతాయి. ఈ నేల తనను తానే దున్నుకుంటుందని భూసార శాస్త్రం కూడా చెబుతుంది. అంటే మనం చావుకు గుర్తుగా వేస్తున్నది అక్కడి రైతుకు వచ్చే పంటకు సిద్ధమవుతున్న నేల. ఇక ఎర్ర చెలకలో కరువొస్తే అలాంటి నెర్రెలు ఉండవు. కరువు అక్కడ మొక్కల మీద కనిపిస్తుంది. నీళ్ళు చాలకపోతే జొన్న ఆకు తనను తాను గొట్టంలా చుట్టుకుంటుంది, ఉన్న తడి ఆవిరైపోకుండా కాపాడుకోవడానికి. వాన పడితే మళ్ళీ విచ్చుకుంటుంది. చుట్టుకున్న జొన్న ఆకులో కరువూ ఉంది, ఓర్పూ ఉంది, మళ్ళీ లేస్తుందన్న నమ్మకమూ ఉంది. ఒక్క ఆకు గీస్తే మూడు మాటలు చెప్పొచ్చు. మన అచ్చు పేజీల్లో అది నాకు ఒక్కసారి కూడా కనపడలేదు.

ఆ బొమ్మలో ఇంకో తప్పుంది, అది పస్తాపూర్ పాఠం విన్నాకే తెలుస్తుంది. ఆకాశం వైపు చూస్తున్న ఆ రైతును మనం ఎక్కడినుంచి చూస్తున్నాం? పైనుంచి. వాన కురవాల్సిన చోట పాఠకుడిని కూర్చోబెట్టాడు చిత్రకారుడు. ఆ రైతు మన వైపే తలెత్తి అడుగుతున్నాడు, మనం పేజీ తిప్పేస్తున్నాం. చిత్రకారుడి గుండెలో నిజమైన జాలి ఉండొచ్చు. కోణం మాత్రం గడీ మీది కోణమే.

కలుపు మాటా అంతే. అవినీతినో, సంఘవిద్రోహులనో చూపించాలంటే కలుపుమొక్కలు గీసి పీకేస్తున్న చెయ్యి గీస్తారు. జహీరాబాద్ చేలల్లో విత్తకుండా మొలిచే ఆకుల్లో చాలావాటిని ఆడవాళ్ళు కోసుకొచ్చి కూర వండుతారు. తుమ్మికూర, జొన్నచెంచలి, దొగ్గలికూర. పేదింటి పిల్లల ఒంట్లోకి ఇనుము, విటమిన్లు చేరేది చాలావరకు ఈ ఆకుల దారినే. కలుపుమందు కొడితే అవి పోతాయి. వాళ్ళ ముందు ఆ కార్టూన్ పెడితే, తినే కూరను ఎందుకు పీకి పారేస్తున్నావని అడుగుతారు.

మరి రక్షణను ఎలా గీయాలి? డాలు, గొడుగు, తాళం, ఇవే కదా మన సంచిలో ఉన్నవి. దక్కన్‌లో యాసంగి జొన్న, శనగ చేలకు అంచున కుసుమ వేసే పద్ధతి ఉంది. కుసుమ ఆకుకు ముళ్ళుంటాయి, పశువులు మూతి పెట్టవు. పూలు మాత్రం పసుపు, నారింజ రంగుల్లో మండుతుంటాయి. గింజ నూనెకు పనికొస్తుంది. కంచె తానే పంట, తానే పువ్వు. కూతురి చదువుకు అండగా నిలబడిన తల్లి గురించి కథ వస్తే, బీమా గురించి వ్యాసం వస్తే, అడవి హక్కుల గురించి నివేదిక వస్తే ఆ కుసుమ వరుస గీసి చూడండి. డాలు అంతకన్నా బాగా ఏం చెప్పగలదు?

పోలిక పుట్టే చోటు

పోలికను తయారుచేసే పనితనం కూడా ఉంది. ఊరు తెలిస్తే చాలదు, చెయ్యి తిరగాలి. దీనికి ప్రపంచంలోనే పేరుమోసిన పాఠం 1831 నవంబర్‌లో ప్యారిస్ కోర్టులో జరిగింది. రాజు లూయీ ఫిలిప్‌ను అవమానించాడని పత్రికాధిపతి షార్ల్ ఫిలిపోన్ మీద కేసు. ఆయన కోర్టులోనే నాలుగు బొమ్మలు గీశాడు. మొదటిది రాజు ముఖం. రెండోదాంట్లో బుగ్గలు కాస్త జారాయి, నుదురు సన్నబడింది. మూడోదాంట్లో జుట్టు ఆకులయింది. నాలుగోది బేరిపండు. ఇందులో ఏ బొమ్మ దగ్గర నేరం మొదలైందో చెప్పమని జడ్జీలను అడిగాడు. శిక్ష తప్పలేదు. కానీ ఆ తర్వాత ప్యారిస్ గోడల నిండా బేరిపండ్లే. ఆయన పత్రికలోనే పనిచేసిన ఓనొరే దోమియే రాజును తిండిపోతు రాక్షసుడిగా గీసి 1832లో జైలుకు వెళ్ళాడు.

ఆ నాలుగు మెట్లను చిత్రకారులు చేత్తో గీసి చూడాలి. పోలిక పైనుంచి అతికించింది కాదని అప్పుడు తెలుస్తుంది. రాజు దవడల్లో బేరిపండు ముందే ఉంది, ఫిలిపోన్ దాన్ని బయటికి తీశాడు. రెండు వస్తువులు ఏ గీత దగ్గర ఒకటవుతాయో పట్టుకోవడమే పనితనం. అలా కలిసే గీత లేనప్పుడు కొందరు వస్తువు మీద పేరు రాసేస్తారు. మూట మీద ‘అప్పు’ అని, పాము మీద ‘ధరల పెరుగుదల’ అని. పేరు రాయాల్సి వచ్చిందంటే పోలిక కుదరలేదన్నమాట. ఆ బొమ్మ చించేసి మళ్ళీ మొదలుపెట్టడం మంచిది.

నేర్చుకునేవాళ్ళకు నేను చెప్పే అభ్యాసం ఇది. రూపాయి నోటు, సంకెళ్ళు, ఉరితాడు వాడకుండా అప్పును గీయండి. ముందు ఆ ఇంట్లో ఉన్న వస్తువులన్నీ చూసి గీసుకోండి. చాట, గంప, రోలు, తిరుగలి, గొంగడి, సద్దిగిన్నె, గుమ్మి. గుమ్మి అంటే వడ్లూ జొన్నలూ పోసుకునే పెద్ద బుట్ట, పేడతో అలికి ఉంటుంది. నిండిన గుమ్మి ఆ ఇంటి ధైర్యం. మరి పంట చేతికొచ్చిన నెలలోనే ఆ గుమ్మి ఖాళీగా ఉండి, అందులో పిల్లి ముడుచుకుని పడుకుని ఉంటే? పక్కన కొత్త పంట మూటలు బండి ఎక్కి వెళ్ళిపోతుంటే? ఒక్క అక్షరం రాయనక్కర్లేదు. ఆ పిల్లిని చూసి జహీరాబాద్ పల్లె గుండె కలుక్కుమంటుంది. పట్నం పాఠకుడికి ఒక క్షణం ఆలస్యంగా అర్థమవుతుంది. ఆ ఆలస్యం మంచిదే. ఆ క్షణంలోనే అతను ఆ ఇంట్లోకి అడుగుపెడతాడు.

ఇలా ఇంట్లోని వస్తువులోంచి కళను తీసినవారు ఈ నేలలోనే ఉన్నారు. కె. లక్ష్మాగౌడ్ 1940లో పాత మెదక్ జిల్లాలోని నిజాంపూర్‌లో పుట్టారు. హైదరాబాద్‌లో చదివి 1960లలో బరోడా వెళ్ళి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. పల్లెల కుమ్మరి పనిలో, బొమ్మల్లో, నేతలో బతికున్న ఆకారాలను చిన్నచూపు చూడొద్దని నమ్మిన గురువు సుబ్రమణ్యన్. లక్ష్మాగౌడ్ ఎచింగుల్లో మేక మళ్ళీ మళ్ళీ వస్తుంది. చెట్లు, మనుషులు, మేకలు ఒకరిలోంచి ఒకరు మొలిచినట్టుంటారు. కోరిక గురించి, పల్లె మొండితనం గురించి చెప్పడానికి ఆయన గ్రీకు దేవతలను అరువు తెచ్చుకోలేదు. ఊరి మేక చాలింది. 2016లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అదే గురువు దగ్గర చదివిన తోట వైకుంఠం కరీంనగర్ పల్లె ఆడవాళ్ళ ముఖాలను, నుదుట పెద్ద బొట్టును తెలంగాణకే గుర్తుగా నిలబెట్టారు. అయితే ఒక సంగతి మాత్రం చెప్పాలి. ఆ బొట్టూ ఆ ముఖాలూ ఇప్పుడు హోటలు గోడల మీద, కాలెండర్ల మీద ఎవరు పడితే వాళ్ళు అచ్చు గుద్దేస్తున్నారు. ఒకరి ఊరిలోంచి వచ్చిన పోలికను ఇంకొకరు ఊరు చూడకుండా ఎత్తుకెళితే అది అలంకారంగా మిగిలిపోతుంది.

పోలిక వద్దన్న చోట

రూపకం నేర్చుకున్న ఉత్సాహంలో ప్రతి మనిషినీ గుర్తుగా మార్చేయాలనిపిస్తుంది. అక్కడ చెయ్యి వెనక్కి తీసుకోవడమూ నేర్చుకోవాలి.

1943 బెంగాల్ కరువులో చిత్తప్రసాద్ మిడ్నాపూర్ జిల్లాలో తిరిగి సిరాతో బొమ్మలు గీశాడు. ‘హంగ్రీ బెంగాల్’ పేరుతో వచ్చిన ఆ చిన్న పుస్తకం ప్రతులను బ్రిటిష్ ప్రభుత్వం ధ్వంసం చేసింది. అందులో ఆకలి దేవత లేదు, ఎముకల చెయ్యి బెంగాల్ పటాన్ని నలపడం లేదు. ఫలానా ఊరి ఫలానా మనిషి ఉన్నారు, వాళ్ళ పేర్లున్నాయి. ప్రభుత్వం ఆ పుస్తకానికి భయపడిందంటే కారణం అదే. పోలికను కాదని వాదించవచ్చు. పేరున్న మనిషి పక్కటెముకలను ఎలా కాదంటారు?

జహీరాబాద్ ఆడవాళ్ళూ ఆ దారినే వెళ్ళారు. 2002లో దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. వాళ్ళు కెమెరాలు పట్టుకుని వరంగల్ వెళ్ళి, ఆ పంటకాలంలో రైతులతో మాట్లాడి, 2003లో ‘వరంగల్ రైతులకు బీటీ పత్తి మీద కోపమెందుకు’ అని అడిగే సినిమా తీశారు. తర్వాత మాలి, దక్షిణాఫ్రికా, ఇండోనేషియా, థాయిలాండ్ దాకా ఆ ప్రశ్న పట్టుకుని తిరిగారు. ఆ ప్రయాణాల మీద తీసిన రెండో సినిమా 2007లో వచ్చింది. విత్తన కంపెనీని పాముగా చూపించడం తేలిక. వాళ్ళు దాని జోలికి పోలేదు. పటేల్ షాట్‌కు పేరు పెట్టగలిగినవాళ్ళకు పోలిక చేతకాక కాదు. రైతు గట్టు మీద కూర్చుని లెక్క చెబుతుంటే ఎదురుగా కూర్చుని విన్నారు. అంతకన్నా బలమైన బొమ్మ ఆ చోట లేదు. ఎక్కడ పోలిక కావాలో, ఎక్కడ మనిషి చాలో తెలిసిన చూపు అది. మన టీవీల్లో రైతు ఆత్మహత్య వార్తకు తాడు బొమ్మ తిప్పి తిప్పి చూపించేవాళ్ళు దీన్ని నేర్చుకుంటే ఎంత బాగుండు. ఆ తాడు బొమ్మ ఆ ఇంటి పిల్లలకు దెబ్బ మీద దెబ్బ.

స్కెచ్ పుస్తకం తీసుకుని రండి

పత్రికల్లో బొమ్మలకు జీతమిచ్చే కొలువులు తగ్గిపోతున్నాయి. ఉన్నవాళ్ళకు పొద్దున వ్యాసం, సాయంత్రానికి బొమ్మ. ఆ తొందరలో పాత గుర్తుల సంచిలో చెయ్యి పెట్టడం సహజమే, దానికి వాళ్ళొక్కరినే తప్పుపట్టలేం. సంపాదకులు ఏడాదికి రెండు రోజులైనా చిత్రకారులను డెస్కు దగ్గరనుంచి లేపి పల్లెకు పంపాలి. విలేఖరిని పంపుతున్నప్పుడు చిత్రకారుడిని ఎందుకు పంపరు? బాపు గీతలో గోదావరి ఉందంటే, వడ్డాది పాపయ్య రంగుల్లో ఉత్తరాంధ్ర కొండలూ మనుషులూ ఉన్నారంటే, వాళ్ళు ఆ చోట్లను కళ్ళారా చూసినవాళ్ళు కాబట్టే. జహీరాబాద్ చెలకలకు అలాంటి చిత్రకారుడు ఇంకా రావాలి. ఆ చేలలో పుట్టిన అమ్మాయే వస్తే మరీ మంచిది. అక్కడి సర్కారు బడుల డ్రాయింగు పీరియడ్‌లో పిల్లలకు కొండ మీద సూర్యుడు, రెండు కొబ్బరిచెట్లు, నది గీయించడం మానేసి, వాళ్ళ ఇంటి గుమ్మి గీసుకురమ్మని చెబితే ఆ దారి తెరుచుకుంటుంది.

చూడాలనుకునేవాళ్ళకు తగిన సమయం ఒకటుంది. ఏటా సంక్రాంతికి ఈ పల్లెల్లో పాత పంటల జాతర మొదలవుతుంది. అలంకరించిన ఎడ్లబండ్ల మీద కుండల్లో, గంపల్లో దేశీ విత్తనాలు పెట్టుకుని ఆడవాళ్ళు ఊరూరూ తిరుగుతారు. నెల రోజులు తిరిగాక ఫిబ్రవరి మధ్యలో మాచ్‌నూర్‌లో ముగిస్తారు. హైదరాబాద్ నుంచి జహీరాబాద్ 100 కిలోమీటర్ల పైచిలుకు, బస్సూ ఉంది, రైలూ ఉంది. పిల్లలను తీసుకెళ్ళండి. ఫోన్ జేబులో పెట్టి స్కెచ్ పుస్తకం తీయండి. బండి మీది గింజలు గీయాలనిపిస్తే, ముందు ఆ గింజలు దాచిన మనిషి పక్కన నేల మీద కూర్చోండి.